రాని పార్సిలుకు పాతిక రూపాయలు

అవుకులో ఒక యింటిని వూహించుకోండి. మధ్యాహ్నం రెండు గంటలయింది. యింటాయన భోంచేసి కునుకు తీస్తున్నారు. యిల్లాలు వసారాలో కూర్చుని వేరుసెనక్కాయలు వొలుస్తున్నది. నిన్న రాత్రే హైదరాబాదు నుంచి కొడుకు, "అమ్మా, నీకు మోకాలిపట్టీలు పంపించినా, నాలుగు దినాల్లో వస్తాయి" అని చెప్పాడు. ఇంతలో పక్కనున్న ఫోను కిణుక్కుమన్నది.

చూస్తే తపాలాశాఖ పేరుతో ఒక సందేశం! ఇంగ్లీషులో వున్న దాని తాత్పర్యం ఇది: మీ పార్సిలు గిడ్డంగికి చేరింది. రెండుసార్లు తెచ్చాము. చిరునామా అసంపూర్తిగా వుండటంచేత ఇవ్వలేకపోయాము. 48 గంటల్లో సరిచెయ్యకపోతే వెనక్కు పంపుతాము. కింద ఒక లింకు.

కొడుకు పంపిన వస్తువు వెనక్కు పోతుందంటే ఏ తల్లి వూరుకుంటుంది? ఆవిడ వేలు ఆ లింకు మీదికి పోతుంది. మోసగాడికి కావలసింది అంతే.

ఈ యిల్లు మన వూహ. సందేశం మాత్రం వూహ కాదు. 2024లో ఇటువంటి సందేశాలు దేశమంతటా ఎందరి ఫోన్లకో వచ్చాయి. కేంద్రప్రభుత్వపు ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో అవి బూటకమని ప్రకటించింది. చిరునామా సరిచేసుకోమంటూ తపాలాశాఖ ఎవరికీ అటువంటి సందేశాలు పంపదనీ, ఆ లింకులు తెరవవద్దనీ హెచ్చరించింది.

"మరి, కొడుకు పార్సిలు పంపిన సంగతి ఆ మోసగాడికి ఎట్లా తెలిసింది?" అని అడగవచ్చు. తెలియదు! ఒకే సందేశాన్ని వేలకు వేల ఫోన్లకు పంపుతాడు. ఈ రోజుల్లో ఏ యింటికి పార్సిలు రావటంలేదు? అవుకు రిజర్వాయరులో వల వేసేవాడికి చేపల పేర్లు తెలియనక్కరలేదు గదా!

పాతిక రూపాయల వెనక

లింకు తెరిస్తే తపాలాశాఖదే అనిపించే పేజీ కనిపిస్తుంది. ముందు పేరు, చిరునామా అడుగుతుంది. తరువాత, మళ్ళీ తెచ్చి ఇవ్వటానికి స్వల్ప రుసుము కట్టమంటుంది. 2024 జూలైలో ఫోర్టినెట్ అనే కంప్యూటర్ భద్రతాసంస్థ బయటపెట్టిన అటువంటి ఒక పేజీలో ఆ రుసుము 25 రూపాయల 2 పైసలు! ఆ సంవత్సరం జనవరి, జూలై నెలల మధ్య మన తపాలాశాఖ పేరును పోలిన ఇంటర్నెట్ చిరునామాలు 470కి పైగా రిజిస్టరయ్యాయని కూడా ఆ సంస్థ తేల్చింది.

పాతిక రూపాయల కోసం ఇంత హంగామానా? కాదు. పాతిక అడిగితే మనం ఆలోచించం. ఆ పాతిక కట్టటానికి కార్డు నంబరు, గడువు తేదీ, వెనకనున్న మూడంకెలు, ఆపైన ఫోనుకు వచ్చిన ఓటీపీ అన్నీ మనమే కొట్టి ఇస్తాం. యింటి తాళంచెవుల గుత్తి చేతికి వచ్చినవాడు పాతిక రూపాయలతో తృప్తిపడతాడా?

ఇది మన వూళ్ళకే వచ్చిన బెడద కాదు. అమెరికాలో వున్న మన పిల్లలకు అక్కడి తపాలాశాఖ పేరుతోనూ వస్తున్నవే. 2024లో ఫోన్ సందేశాల మోసాలవల్ల అక్కడి ప్రజలు పోగొట్టుకున్నామని ఫిర్యాదు చేసిన సొమ్ము 47 కోట్ల డాలర్లు. ఆ మోసాలలో ఎక్కువమంది ఫిర్యాదు చేసింది దొంగ పార్సిలు సందేశాల గురించేనని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చెప్పింది.

ఒక్క ప్రశ్న

వి.పి.పి. పద్ధతి మన దేశంలో 1877లో వచ్చింది. ప్రకటన చూసి వి.పి.పి.లో వస్తువు తెప్పించుకుని మోసపోయినవారు ఆ కాలంలోనూ వున్నారు. అయినా పోస్టుమాను గడపలో నిలబడి, చేతిలో ఒక పొట్లం చూపించి డబ్బు తీసుకునేవాడు. ఇప్పుడు పోస్టుమానూ లేడు, పొట్లమూ లేదు. డబ్బు మాత్రం ముందే కట్టాలట!

అందుచేత లింకు ముట్టుకునేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. పార్సిలు నిజంగా వాళ్ళ దగ్గర వుంటే చిరునామా దానిమీదే వుంటుంది గదా, నన్నెందుకు అడుగుతున్నారు? అనుమానం తీరకపోతే పంపినవారినే అడగండి. స్పీడ్ పోస్టు రసీదు మీద 13 స్థానాల గుర్తు వుంటుంది: రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర మళ్ళీ రెండు అక్షరాలు. తపాలాశాఖ వెబ్‌సైటు మీరే తెరిచి ఆ గుర్తు వేసి చూడండి. లేదా వూళ్ళోని పోస్టాఫీసుకు వెళ్ళి అడగండి. పార్సిలు తెచ్చినవారు ఓటీపీ అడిగితే, వస్తువు మీదేనని చూసుకున్న తరువాతనే చెప్పండి.

సిగ్గుపడితే నష్టం

ఇంత తెలిసినా ఒకవేళ పొరపాటు జరిగిందనుకోండి. చాలామంది చేసే రెండో పొరపాటు దాన్ని దాచటం. "యింట్లో కోప్పడతారేమో, పిల్లలు నవ్వుతారేమో" అని మాపటిదాకా ఆగుతారు. ఆగిన ప్రతి నిమిషానికీ ఖరీదు వుంది. ఖాతాదారు రహస్యాంకెలు తానే ఇచ్చి నష్టపోతే, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఆయనదే. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీచేసిన సర్క్యులరులోని మాట ఇది.

కనుక వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి. ఆపైన 1930కి ఫోన్ చెయ్యండి. సైబరు మోసాల ఫిర్యాదులకు దేశమంతటికీ అదే నంబరు. సొమ్ము దొంగ చేతికి పూర్తిగా చిక్కకముందే నిలిపివేయటానికి అవకాశం వుంటుంది. డబ్బు పోకుండా సందేశం మాత్రమే వచ్చివుంటే, సంచార్ సాథీ వెబ్‌సైటులోని 'చక్షు' విభాగంలో ఫిర్యాదు చెయ్యవచ్చు.

మళ్ళీ అవుకు యింటికి వద్దాం. ఆవిడ లింకు ముట్టుకోకుండా కొడుక్కు ఫోన్ చేసిందనుకుందాం.

"నాయనా, నువ్వు పంపింది వెనక్కు పోతాదంట!"

"దాన్ని తీసెయ్‌మా. నేను నిన్ననేగా పంపింది, అప్పుడే రెండుసార్లు ఎట్ల తెస్తారు?"

ఆవిడ నవ్వుకుని మళ్ళీ చేట ముందుకు లాక్కుంది. పార్సిలు వచ్చినప్పుడు పోస్టుమాను వాకిట్లోంచే కేకేస్తాడు.