మీకు తెలుసా? సికిల్ సెల్ ఉన్నవారికి కాలు వాస్తే ఆగకూడదు

సికిల్ సెల్ అనగానే కీళ్ల నొప్పులు, రక్తహీనత గుర్తొస్తాయి. అదే జబ్బు నాళాల్లో రక్తాన్ని గడ్డ కట్టిస్తుందని తెలిసినవారు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో గోండులు, హల్బాలు, మురియాలు, మారియాల కుటుంబాల్లో ఇది తరతరాలుగా ఉంది. సరిహద్దుకు ఇవతల మన ఏజెన్సీ గూడేల్లోనూ ఉంది. అందుకే ఈ సంగతులు మనకూ అవసరం.

● అడవిలో ఈ జన్యువు ఎందుకు నిలిచింది?
సికిల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవారికి ఫాల్సిపేరమ్ మలేరియా ప్రాణం మీదకు వచ్చేంత ముదరడం అరుదు. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన వైద్యుడు ఆంథొనీ ఆలిసన్ 1954లో ఈ సంగతి బయటపెట్టారు. మలేరియా బలంగా ఉన్న చాలా చోట్ల ఈ జన్యువు మిగిలిపోయింది. బస్తర్ అలాంటి ప్రాంతమే. ఇంటింటికీ వెళ్లి పరీక్షలు చేసే ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం అక్కడ 2020లో మొదలైంది. అయితే ఈ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే మాత్రం జబ్బే. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితే, అంటే ఒక్కో సికిల్ జన్యువే ఉన్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

● రక్తం ఎందుకు గడ్డ కడుతుంది?
హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడంతో ఎర్ర కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. అందులోంచి బయటపడ్డ హిమోగ్లోబిన్, నాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరిస్తుంది. నాళాల లోపలి పొర దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి. అంటే గాయమేమీ లేకపోయినా రక్తం గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది.

● ముప్పు ఎంత?
అమెరికాలో సికిల్ సెల్ రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే, 40 ఏళ్లు వచ్చేలోపు పదిమందిలో ఒకరికి పైగా కాళ్ల సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు కట్టాయి. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉంటే ఛాతీ నొప్పి, ఆయాసం వస్తాయి. న్యుమోనియాలోనూ అవే లక్షణాలు. అందుకే ఇది చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది.

● పసిపిల్లలకూ పక్షవాతం
మెదడుకు వెళ్లే ధమనులు ఇరుకై మూసుకుపోతే సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లలకు కూడా పక్షవాతం రావచ్చు. పిల్లల మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, మాట తడబడినా దిష్టి అనో గాలి అనో ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

● ఎప్పుడు మరింత జాగ్రత్త?
నొప్పుల క్రైసిస్‌తో రోజుల తరబడి మంచం పట్టినప్పుడు, ఆపరేషన్ తర్వాత, గర్భిణిగా ఉన్నప్పుడు, కాన్పయిన తొలి వారాల్లో ముప్పు పెరుగుతుంది. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. సికిల్ సెల్ ఉన్న స్త్రీలు డాక్టరును అడగకుండా వాటిని వాడకూడదు. వాంతులు, విరేచనాలు, ఎండలో పని వల్ల ఒంట్లో నీరు తగ్గితే కణాలు మరింత వంకరపోతాయి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి.

● ఆ కాలికి మర్దన వద్దు
ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అది నడిచిన అలసటే అనుకోవద్దు. నూనె రాసి గట్టిగా మర్దన చేస్తే గడ్డ ఊడి, రక్తంతోపాటు ఊపిరితిత్తుల్లోకి చేరే ప్రమాదముంది. అదే రోజు ఆసుపత్రిలో స్కానింగ్ చేయించాలి. గడ్డ తేలితే రక్తం పలచబడే మందులు ఇస్తారు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, దగ్గులో రక్తం పడినా ఒక్క గంట కూడా ఆగవద్దు.

● కార్డు మీ దగ్గర ఉందా?
జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైంది. 40 ఏళ్లలోపు వారిలో 7 కోట్ల మందికి పరీక్ష చేయడం, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యం. ఛత్తీస్‌గఢ్‌తోపాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా అందులో ఉన్నాయి. పరీక్షకు వేలి చివర నుంచి ఒక్క చుక్క రక్తం చాలు. ఫలితం రాసిన కార్డు ఇస్తారు. జబ్బు ఉందని తేలితే హైడ్రాక్సీయూరియా మందు కణాలు వంకరపోవడాన్ని తగ్గిస్తుంది. దాన్ని డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి, మధ్యలో మానకూడదు.

మిరపకాయల కోతకు బస్తర్ నుంచి మన పల్లెలకు ఏటా కుటుంబాలు వస్తాయి. కొత్త ఊళ్లో జబ్బు చేస్తే అక్కడి డాక్టరుకు వారి రక్తం సంగతి తెలియదు. కార్డు వెంట ఉంచుకోమని, జబ్బు ఉంటే ‘మాకు సికిల్ సెల్ ఉంది’ అని వెళ్లగానే చెప్పమని వారికి గుర్తు చేయండి. ఆ మాట వింటే డాక్టరు న్యుమోనియాతోపాటు గడ్డ కోసం కూడా వెతుకుతారు.