మిషను వచ్చినది, కుట్టు రావలెను

కూడు, గుడ్డ, గూడు అని మన పెద్దలు మనిషి అవసరములను మూడు మాటలలో చెప్పినారు. వీనిలో కూటికీ గూటికీ పడు తాపత్రయములో గుడ్డ సంగతి మనము అంతగా తలపము. మన పుల్లలచెరువు పరిసరములు నల్లమల అంచున గల మెట్ట భూములు. వాన కురిసిన ఏడు పంట. కురియని ఏడు గుంటూరు వైపు మిరప కోతలకో, పట్టణములలో కూలికో వలస. ఇట్టి చోట ఇంటిని విడువకుండ చేయదగిన పని ఏదైనను విలువైనదే. కుట్టుపని అట్టిది.

కాని ఒక విచిత్రము చూచుచున్నాము. మిషను ఉన్న ఇండ్లు పెరిగినవి. జాకెట్టు గుడ్డ పట్టుకొని బజారులోని దర్జీ వద్దకు పోవువారు మాత్రము తగ్గలేదు. ఎన్నో ఇండ్లలో మిషను మీద పాత దుప్పటి కప్పి, దానిపై సామాను పెట్టియున్నది. లోపము మిషనులో లేదు. మనము కుట్టు నేర్చుకొను పద్ధతిలో ఉన్నది. ఆ సంగతిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

కుట్టు మిషను పుట్టుక

మిషను విదేశములో పుట్టినదే అయినను దాని తొలి కుట్టు మన చేతులకు కొత్తది కాదు. పెండ్లి జాకెట్టులపై మగ్గము పని చేయువారు, చట్రమునకు బిగించిన గుడ్డలోనికి కొక్కెము గల సూదిని దింపి, అడుగున ఉన్న దారమును పైకి లాగి గొలుసు వలె కుట్టు వేయుదురు. దీనినే ఉర్దూలో ఆరీ పని అందురు. కొక్కెపు సూదితో కుట్టు ఈ పద్ధతి పదునెనిమిదవ శతాబ్దిలో తూర్పు దేశముల నుండి యూరపునకు చేరినది. ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొందిన మిషను అట్టి కొక్కెపు సూదినే యంత్రముతో ఆడించినది. తమ కూడు పోవునని భయపడిన దర్జీలు 1831లో పారిస్‌లోని అతని మిషనులను ధ్వంసము చేసిరి.

గొలుసు కుట్టులో ఒక దోషము కలదు. చివరి దారము లాగినచో వరుస అంతయు ఊడిపోవును. 1846లో అమెరికాలో ఇలియాస్ హోవ్ పేటెంటు పొందిన మిషను రెండు దారములను పెనవేసి ఈ దోషమును తొలగించినది. 1851లో పేటెంటు పొందిన ఐజాక్ సింగర్ పేరుతో కుట్టు మిషను ఇంటింటి వస్తువైనది. యంత్రములపై విముఖుడైన గాంధీజీ సైతము 1924లో సింగర్ మిషనును ఆ విమర్శ నుండి మినహాయించినారు. 1930వ దశకములో కలకత్తాలో ఉషా మిషనుల తయారీ మొదలైన తరువాత స్వదేశీ మిషను మన ముంగిటికి వచ్చినది.

మిషను మనస్సు తెలియుట

మిషను పనిచేయు తీరు తెలియని వారికి ప్రతి చిన్న ఆటంకమును పెద్ద మరమ్మతుగా తోచును. సూది పై దారముతో గుడ్డలోనికి దిగి, పైకి లేచునపుడు దారము చిన్న ఉచ్చుగా నిలుచును. అడుగున షటిల్ కొన ఆ ఉచ్చును పట్టి, బాబిన్ దారము చుట్టూ త్రిప్పును. రెండు దారములును గుడ్డ మందము నడుమ ముడిపడవలెను. ఇంతే రహస్యము.

గుడ్డ అడుగున దారము ఉచ్చులుగా వ్రేలాడుచున్నచో సాధారణముగా దోషము పైననే ఉండును: పై దారము సరిగా ఎక్కింపలేదు, లేదా దాని బిగువు చాలలేదు. నడుమ నడుమ కుట్టు తప్పుచున్నచో సూది వంగినదో, మొద్దుబారినదో, తిరగబడి బిగింపబడినదో చూడవలెను. పై దారము మాటిమాటికి తెగుచున్నచో బిగువు ఎక్కువైనదని అనుమానింపవలెను. పళ్ల నడుమ, షటిల్ చుట్టూ చేరిన నూగు తుడిచి, చెప్పిన రంధ్రములలో ఒక్కొక్క చుక్క నూనె వేయుట ఎవరైనను చేయదగిన పని. ఈ నాలుగు మాటలు మొదటి వారములోనే నేర్పినచో ఎన్నో మిషనులు దుప్పటి క్రింద నుండి బయటికి వచ్చును.

ముందు టేపు, తరువాత తొక్కుడు

మన వైపు కుట్టు నేర్చువారు సాధారణముగా తిన్నని కుట్టుతో మొదలు పెట్టి, దిండు గలేబులు, లంగాలు కుట్టి ఆగిపోవుదురు. చదువు ఆపి ఇంటనున్న ఆడపిల్లకు ఆదాయము తెచ్చునవి జాకెట్టు, పంజాబీ డ్రెస్సు. వీనికి ప్రాణము కత్తిరింపు. కత్తిరింపునకు ప్రాణము కొలత. ఛాతీ చుట్టుకొలత 32 అంగుళములైనచో నాలుగవ వంతు 8 అంగుళములు. దానికి వదులు ఎంత, కుట్టు లోపలికి విడువవలసిన గుడ్డ ఎంత అనునది వేరుగా కలుపవలెను. నూలు గుడ్డను ముందు నీటిలో తడిపి ఆరవేయనిచో కుట్టిన తరువాత ముడుచుకొనును. పోగు వెంట కత్తిరించిన గుడ్డ సాగదు. ఏటవాలుగా కత్తిరించినది సాగును. క్రాస్ కటింగు జాకెట్టు ఒంటికి అమరుటకు కారణమిదియే. ఈ పాఠములను పాత వార్తాపత్రికల కాగితముపై కత్తిరించి నేర్చినచో ఒక్క గజము గుడ్డయు వ్యర్థము కాదు. లెక్కల పరీక్షకు భయపడిన విద్యార్థిని ఇక్కడ భిన్నములను నవ్వుచు చేయును.

మరియొక విశేషము. ఈ వృత్తిలో మన రెండు భాషలును కలిసియే కూర్చున్నవి. దర్జీ, అస్తరు, జేబు, కాజా, నాడా ఉర్దూ నుండి వచ్చినవి. కుట్టు, దారము, అంచు, రవిక తెలుగువి. కటోరీ జాకెట్టు అని మనము అనుదినము పలుకు మాటలో కటోరీ అనగా చిన్న గిన్నె. ఈ పాఠము చెప్పుటకు ఉర్దూ తరగతి, తెలుగు తరగతి అను భేదము అక్కరలేదు.

సాధారణ మిషనుపై అల్లిక

ఎంబ్రాయిడరీకి ఖరీదైన మిషను కావలెనని పలువురి భ్రమ. తొక్కుడు మిషను చాలును. రెండు చేతులును ఖాళీగా ఉండుట ముఖ్యము, కావున చేతితో త్రిప్పు మిషను దీనికి అనువు కాదు. ముందుగా ఫుట్ తీసివేయవలెను. గుడ్డను నడుపు పళ్లను దింపవలెను. దిగని మిషనులో వానిపై పలుచని రేకు మూత పెట్టవలెను. గుడ్డను రింగులో డోలు వలె బిగించి, గుడ్డ మిషను బల్లకు ఆనునట్లు ఉంచవలెను. ఫుట్ లేకున్నను దాని మీటను తప్పక క్రిందికి దింపవలెను. లేనిచో పై దారమునకు బిగువు ఉండక అడుగున చిక్కుపడును. కొత్తవారు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే. అటుపై కాలు వేగమునకు చేతి కదలికను జోడించి రింగును నడుపుట అభ్యాసముతో వచ్చును. గుడ్డ పలుచనిదైనచో అడుగున కాగితము పెట్టి, పని ముగిసిన తరువాత చింపివేయవచ్చును.

నమూనాల కొరకు దూరము పోనక్కరలేదు. సుగాలి స్త్రీలు ముదుక గుడ్డపై అద్దములు, గవ్వలు పొదిగి కుట్టుకొను ఫేటియా, కాంచళులు ఏ పుస్తకమునకును తీసిపోవు. కర్ణాటకలోని సండూరు లంబాడీ అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ పని చేసిన తల్లులను అడిగి, వారి పేరు చెప్పి నేర్చుకొనుట మర్యాద.

గంటల లెక్క

ఇక అన్నిటికన్న ముఖ్యమైన పాఠము కూలి లెక్క. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురము ప్రాంతములో వేలాది స్త్రీలు ఇండ్లలో కూర్చుండి లేసు అల్లిరి. ఆ లేసు విదేశములకు ఎగుమతి అయినది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వారి జీవితమును పరిశీలించి 1982లో గ్రంథము ప్రచురించినది. ఆమె తేల్చిన సంగతి మనము మరువరానిది: గంటల తరబడి పనిచేసినను వారిని కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకొను గృహిణులుగా ఎంచుటచే కూలి అత్యల్పముగా నిలిచినది, లాభము వ్యాపారులకు చేరినది.

మన ఇండ్లలోను అదియే జరుగును. పొరుగింటి పిన్నమ్మ జాకెట్టునకు కూలి అడుగుటకు నోరు రాదు. అందుచే ప్రతి విద్యార్థిని ఒక నోటు పుస్తకము ఉంచవలెను: దారము, అస్తరు, సూది, కరెంటు ఖర్చు ఒక వరుస, పట్టిన గంటలు వేరొక వరుస. గంటకు ఎంత మిగిలినదో తెలిసిన పిల్ల, ధర చెప్పుటకు సిగ్గుపడదు.

2023లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకము 18 వృత్తులలో దర్జీ పనిని చేర్చి, ప్రాథమిక శిక్షణకు 5 నుండి 7 దినములు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము ఏర్పరచినది. పనిముట్టు మంచిదే. కాని వారము దినములలో చేయి తిరుగదు. మిగిలిన శిక్షణ ఊరిలోనే జరుగవలెను.

కావున కళాశాల సంఘము వారికి ఒక మనవి. సాయంకాలము ఖాళీగా ఉండు ఒక గది, రెండు తొక్కుడు మిషనులు, ఒక కత్తిరింపు బల్ల, పనితనము తెలిసిన ఒక దర్జీ చాలును. తరగతి ముగిసిన నాడు ధృవపత్రముతో పాటు ప్రతి విద్యార్థినియు తాను కొలిచి, కత్తిరించి, కుట్టిన ఒక జాకెట్టును, తన లెక్కల పుస్తకమును చూపవలెనని నియమము పెట్టుదురు గాక. ఆ జాకెట్టు తొడిగిన వారికి చక్కగా అమరినచో తరగతి నెగ్గినట్లే.