ఆన్‌లైను ఆటలలో విలంబము

బిళ్ళంగోడు ఆడుచున్న పిల్లవానిని చూచినచో ఆటయందలి యానంద మెక్కడ నున్నదో తెలియును. బిళ్ళ గాలిలోనికి లేచినంతనే వాని చేయి కదలును, కఱ్ఱ తగులును, బిళ్ళ పోయి దూరమునఁ బడును. కన్ను చూచుటకును, చేయి కదలుటకును, ఫలము కనఁబడుటకును నడుమ వానికిఁ దెలియు నెడము లేదు. దెబ్బ తప్పినను, దప్పించినది తన చేయియే యని వాఁ డెఱుఁగును. కాఁబట్టియే మఱుసటి దెబ్బను సరిదిద్దుకొనును. గెలుపు తనది, ఓటమియుఁ దనదే. ఈ ‘తనది’ యను భావము తొలఁగినచో ఆటలో మిగులునది చేతుల యలసట మాత్రమే.

నేఁడు మన పిల్లలు, పిల్లలేల, ఉద్యోగస్థులును గృహిణులును గూడ, వేఱువేఱు ఊళ్ళలో నుండియే ఫోనులమీఁదను కంప్యూటరులమీఁదను గలసి యాడుచున్నారు. వీనినే ఆన్‌లైను ఆట లందురు. ధనము పణముగా నొడ్డు నాటలను నే నిచటఁ బ్రస్తావింపను. వానిని నిషేధించుచు 2025వ సంవత్సరమున భారత పార్లమెంటు చట్టము చేసినది. కేవల వినోదమునకై యాడు నాటలలోఁ దఱచుగా వినవచ్చు ఫిర్యాదు ‘లాగ్’ అనునది. వెనుకఁబడుట యను నర్థముగల యాంగ్లపద మిది. మన ‘లాగు’ ధాతువుతో దీనికిఁ జుట్టఱికము లేదు, శ్రోతలు పొరపడకుందురు గాక! నేను దీనిని విలంబ మనియెదను. మీట నొక్కుట యొక క్షణమున, దాని ఫలము తెరపైఁ గనఁబడుట మఱియొక క్షణమున జరుగుటయే విలంబము. అది కొంచెమైనచో నెవరికిని దెలియదు. ముదిరినచో ఆట చెడును. ఎట్లు చెడునో చెప్పుటకు ముం దది పుట్టు విధమును జెప్పవలసియున్నది.

ఇట్టి యాటలలోఁ బెక్కింటికి ‘సర్వరు’ అను మధ్యస్థుఁ డుండును. ఎక్కడనో యొక భవనములోఁ బెట్టిన కంప్యూటరు అది. ఆటగాఁడు మీట నొక్కఁగానే యా వార్త చిన్నపొట్లమై సర్వరునకుఁ బోవును. ఎవరు ముందు, ఎవరు వెనుక, దెబ్బ తగిలినదా లేదా యని యది తీర్పు చెప్పి, యా తీర్పును అందఱకును బంపును. పొట్లము పోయి వచ్చుటకుఁ బట్టు కాలమును ఆటగాండ్రు ‘పింగ్’ అందురు; దానిని మిల్లీసెకనులలో, అనఁగా సెకనులో వేయవ వంతులలోఁ గొలుతురు. గాజుతీఁగలో వెలుఁగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. ఆ లెక్కను 1,000 కిలోమీటర్ల దూరము పోయి వచ్చుటకు 10 మిల్లీసెకనులు పట్టును. హైదరాబాదు నుండి ముంబయికి 6 లేక 7, సింగపూరునకు 33, అమెరికా పడమటి తీరమునకు 130కిఁ బైఁగా. ఇవి పటముపై సూటిగా గీత గీచినచో వచ్చు లెక్కలు. నిజమునకుఁ దీఁగలు సముద్రగర్భమున వంకరలు దిరిగి పోవును, త్రోవలోఁ బెక్కు కూడళ్ళును గలవు. కావున అనుభవమునకు వచ్చు కాల మింతకన్న నెక్కువ. 2025 సెప్టెంబరులో ఎఱ్ఱసముద్రమున జెడ్డాకుఁ జేరువను గొన్ని తీఁగలు తెగినప్పుడు వార్తలు చుట్టుత్రోవలను బోవలసివచ్చి, మన దేశమునఁ గూడ ఇంటర్నెట్టు మందగించినది.

అయినను, దూరముకన్నఁ బెద్ద చిక్కు ఇంటిలోనే యుండవచ్చును. తండ్రి పెద్ద వీడియో నొకదానిని పంపుచుండును, కూఁతురు సినిమా చూచుచుండును, కుమారుఁ డాడుచుండును. మూఁడు పనులకును ద్వార మొక్కటే. రౌటరు అను పెట్టె పొట్లములను వరుసలో నిలిపి యొకదాని వెనుక నొకటిగాఁ బంపును. ఆ వరుసలో ఆటపొట్లము, బస్తాలబండ్ల వెనుకఁ జిక్కిన సైకిలువలె నిలిచిపోవును. వరుసకుఁ జోటెక్కువ యిచ్చినఁ బొట్లములు పాడుగాకుండునని పెట్టెలను జేయువారు తలఁచిరి. చోటు పెరిగినకొలఁది నిరీక్షణయుఁ బెరిగినది. ఈ దోషమును జిమ్ గెటిస్ అను నమెరికను ఇంజనీరు 2010 ప్రాంతమున లోకమునకుఁ జూపెను. 2012లోఁ గ్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ అనువారు దీనికిఁ జికిత్సను గూడఁ బ్రకటించిరి. వరుస యెంత పొడవున్నదని గాక, పొట్ల మెంతసేపు నిలిచినదని చూచుటయే యందలి కిటుకు. కనెక్షను వేగమైనదని ప్రకటన చూచి కొన్నవాఁడు, ఆట నిలిచిపోవుచున్నదేమని విస్తుపోవుట కిదియే కారణము. ప్రకటనలోని వేగము బాట వెడల్పును దెలుపును, ప్రయాణకాలమును దెలుపదు.

ఎంత విలంబమును సహింపవచ్చును? అది ఆటను బట్టి యుండును. చదరంగములో నొక సెక నాలస్యమైన నెవ్వఁడు లెక్కచేయును? అమెరికాలో మార్క్ క్లేపూల్, కజల్ క్లేపూల్ అను పరిశోధకులు 2006లో వ్రాసిన వ్యాసమున మూఁడు తరగతులు చేసిరి. ఆటగాఁడు పాత్ర కన్నులతోనే చూచుచు గుఱిపెట్టు నాటలలో సుమారు 100 మిల్లీసెకనులు దాఁటినచో నేర్పు దెబ్బతినును. పాత్రను వెనుకనుండి చూచుచు నడపు నాటలలో 500 వఱకు నోర్వవచ్చును. పైనుండి చూచుచు సైన్యములను బట్టణములను నడపు నాటలలో 1,000 వఱకును సాగును.

దీనికన్న నాకు రుచించిన విషయ మొకటి కలదు. 1997లో వెలువడిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అను యుద్ధక్రీడను, టెలిఫోను తీఁగలమీఁద మందముగా నడచు మోడెములతో నాడవలసియుండెను. దానిని నిర్మించిన వారిలో నిద్దఱు, పాల్ బెట్నర్, మార్క్ టెరానో అనువారు, తమ యనుభవమును 2001లోఁ బ్రకటించిరి. ఆజ్ఞ యిచ్చిన 250 మిల్లీసెకనులకు ఫలము కనఁబడినను ఆటగాండ్రు గమనింపనే లేదఁట! 500 వఱకును సుఖముగా నాడిరఁట! కాని యొకమాఱు 80, ఒకమాఱు 500 అగుచు మాఱుచున్నచో మాత్రము సహింపలేకపోయిరి. ఎప్పుడును నిలుకడగా మందముగా నుండుటయే వారికి మేలనిపించినది. సంగీత మెఱిఁగినవారి కిది వింత గాదు. విలంబకాలమునఁ బాడిన కృతి హాయిగానే యుండును. తాళము తప్పిన కృతిని వినలేము. మనస్సు ఆలస్యమునకు నలవడఁగలదు. ఎంత యాలస్యమో ముందుగాఁ దెలియకున్న నలవడఁజాలదు.

గుఱిపెట్టు నాటలలో నింత యోర్పునకుఁ దావు లేదు గనుక నిర్మాత లొక మాయను గల్పించిరి. 1996 డిసెంబరులో జాన్ కార్మాక్ తన ‘క్వేక్’ అను నాటను సవరించి ‘క్వేక్‌వరల్డ్’ అనుదానిని వెలువరించెను. దానిలో మీట నొక్కఁగానే, సర్వరు తీర్పు రాకమునుపే, ఆటగాని కంప్యూటరు తానే యూహించి పాత్రను ముందునకు నడుపును. తీర్పు వచ్చిన పిమ్మట నూహ తప్పైనచో సరిదిద్దును. పింగ్ మితముగా నున్నంతకాల మీ మాయ యెవరికిని దెలియదు. విలంబము ముదిరెనా, గుమ్మము దాఁటితి ననుకొన్న పాత్ర యెవరో వెనుకకు గుంజినట్లు మరల గుమ్మము బయటఁ బడును. ఇట్లు పదిమాఱులు జరిగినచో ఎట్టి శాంతమూర్తికైన ఫోనును గోడకుఁ గొట్టఁబుద్ధి పుట్టును.

ఇంకొక చిక్కు న్యాయశాస్త్రమునకుఁ దగినది. నేను శత్రువును బాటమీఁదఁ జూచి కాల్చితిని. కాని నా తెరపై నున్నది కొంచెము గతించిన కాలము. నా వార్త సర్వరును జేరునప్పటికి వాఁడు గోడ వెనుకకుఁ జేరినాఁడు. తగిలినదా, తగులలేదా? 2001లో యాన్ బెర్నియర్ అను నిర్మాత, తమ యాటలలో సర్వరు కాలమును వెనుకకుఁ ద్రిప్పి, కాల్చినవాని కన్నులకు శత్రు వెక్కడ నుండెనో చూచి తీర్పు చెప్పు విధమును వివరించెను. కాల్చినవాని కిది న్యాయమే. మఱి గోడ వెనుక సురక్షితముగా నుంటి ననుకొన్నవాఁడు, పడిపోయి, ‘గోడ నడ్డుపెట్టుకొంటినే!’ యని వాపోవును. ఇద్దఱి కన్నులును నిజమునే చూచినవి. రెండు నిజములకు నడుమ సెకనులో నొక భాగ మున్నది. నిర్మాతలు కాల్చినవాని పక్షము వహించుటయే నాకును సబబుగాఁ దోఁచుచున్నది; కన్నులార చూచినదానిమీఁదఁ గాల్చుటకుఁ గూడ నమ్మకము లేనిచో నిఁక నాడుట యెందులకు? అయినను, మందమైన కనెక్షను గలవాఁడు కాల్చినప్పుడు ఎదుటివాని కష్టము హెచ్చును. కొన్ని యాటలలోఁ బింగ్ హద్దుమీఱినవానిని సర్వరు వెలికిఁ బంపివేయును. పల్లెటూరి సెల్ సిగ్నలుతో నాడు బాలునకు నేర్పున్నను ప్రవేశము లేదన్నమాట.

ఆనంద మెట్లు నశించునో యిప్పుడు తేటపడును. మన తార్కికులు కాకతాళీయ న్యాయ మని యొకటి చెప్పుదురు: కాకి వ్రాలినది, తాటిపండు పడినది, వ్రాలుటచేతఁ బడెనా, పడుట కే వ్రాలుట కాకతాళమా యని తెలియదు. విలంబము ముదిరిన యాటలో ఆటగాని ప్రతి చేష్టయు నిట్లే యగును. మీట నొక్కినందునఁ బాత్ర యెగిరినదా, మునుపటి నొక్కుడు ఫల మిప్పుడు వచ్చినదా? గెలిచినను నేర్పుచే గెలిచితినని ధైర్యము లేదు. ఓడినచో నింకను గష్టము. దిద్దుకొనుటకుఁ దప్పేదో కనఁబడదు. బడిలోఁ బెక్కేండ్లు లెక్కలు దిద్దినవాఁడను. తప్పెక్కడనో చూపిన విద్యార్థి దిద్దుకొనును, కారణము చెప్పక సున్న చుట్టినవాఁడు పలకను బాఱవేయును. కొందఱు తమ నేర్పునే శంకించి ‘నాకు రాదు’ అని మానివేయుదురు. కొందఱు ఎదుటివానిని శంకింతురు. శంకకుఁ గొంత హేతువును గలదు; తన కనెక్షనును దానే క్షణకాలము త్రెంపి, ఎదుటివారు దిక్కుతోఁచక యుండఁగా లాభము పొందు మోసగాండ్రు లేకపోలేదు. జట్టుగా నాడునప్పుడు మఱియు విషమము. తన పాత్ర నిలిచిపోయిన నిమిషమున జట్టు ఓడినచో, తక్కిన నలుగురును వానినే తిట్టుదురు. వాని కంఠము గూడ వారికి వినఁబడదు. అదియును విలంబముననే చిక్కియుండును.

ఈ దుస్థితి కొక విచిత్రమైన మందును ఐస్‌లాండు దేశపు సంస్థ యొకటి కనుఁగొన్నది. వారి ‘ఈవ్ ఆన్‌లైన్’ అను నంతరిక్ష క్రీడలో వేలకొలఁది జను లొకే రణరంగమునఁ జేరినప్పుడు సర్వరు తీర్పు చెప్పఁజాలక తడఁబడుచుండెను. 2012లో వారు కాలమునే మందగింపఁజేయు నేర్పాటు చేసిరి. రద్దీ పెరిగినకొలఁది ఆటలోని గడియార మందఱకును సమముగా మెల్లగా నడచును. పదవ వంతు వఱకుఁ దగ్గును. 2014 జనవరి 27, 28 తేదీలలో ‘బి-ఆర్5ఆర్బి’ యను స్థలమున జరిగిన పోరాటమున 7,500 మందికిఁ బైఁగాఁ బాల్గొనిరి. అది సుమారు 21 గంటలు సాగినది. ఒక పక్షమువారి స్థలపు పన్ను చెల్లకపోవుటచేతఁ బుట్టిన కయ్య మఁట! ఒక ఫిరంగి మ్రోఁగుటకుఁ బదిరెట్ల కాలము వేచియుండవలసివచ్చినను జనులు లేచిపోలేదు. మందత యందఱకును సమానము, ముందే తెలిసినది, వరుస తప్పలేదు.

ఇఁక నింటిలోని మాట. ఓడిన పిల్లవాఁడు ‘లాగ్’ అన్నప్పుడు, అది సాకో నిజమో తెలిసికొనుట తల్లిదండ్రులకుఁ గష్టము గాదు. పెక్కు ఆటలలోఁ దెరమూలను బింగ్ అంకె కనఁబడును. అది 40 కడ నిలిచియున్నచో సాకు. 60 నుండి 400కును, మరల 60కును ఎగురుచున్నచో వాని మాట నమ్మవలసినదే. అప్పుడు వైఫైని విడిచి రౌటరునకుఁ దీఁగ కలిపి చూడుఁడు; ఆటలో సర్వరు నెన్నుకొను వీలున్న దగ్గఱిదానిని బెట్టించుఁడు; పెద్ద వీడియోను బంపు పని యున్నచో ఆ యరగంట యాగి, ఆట ముగిసిన పిదపఁ బంపుఁడు.