జీడి తోటకు ఎర్ర చీమల కాపలా

జీడిమామిడి కొమ్మ పట్టుకోగానే చేతిమీదికి పాకి కుట్టే ఎర్ర చీమలంటే ఎవరికైనా ఒళ్లు మంటే. గూడు కనబడితే చాలు, మంట పెట్టేస్తాం. కానీ ఆకులు కలిపి గూళ్లు కట్టే ఈ చీమలే టీ దోమను వేటాడతాయి. చిగురు, పూత, పిందెల రసం పీల్చి మాడ్చేసే టీ దోమ కోసం మూడు దఫాలు మందు కొట్టే రైతు ఈ చీమల సంగతి తెలుసుకోవాలి.

దక్షిణ చైనాలో నారింజ తోటల కోసం ఈ చీమల గూళ్లను సంతలో అమ్మేవారని 4వ శతాబ్దం నాటిదిగా చెప్పే గ్రంథంలో ఉంది. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతపు జీడి తోటల్లో శాస్త్రవేత్తలు వీటిని పరీక్షించి మంచి ఫలితాలు చూశారు.

గూడు కాదు, రాణి ముఖ్యం

ఒక్కో చీమల దండుకు పక్కపక్క చెట్ల మీద చాలా గూళ్లుంటాయి. రాణి మాత్రం ఒక్క గూట్లోనే ఉంటుంది. ఆకుపచ్చ ఛాయతో, మిగతా చీమలకంటే బాగా పెద్దది. రాణి లేని గూళ్లు ఎన్ని తెచ్చినా కొత్త పనిచీమలు పుట్టవు. కొన్ని నెలల్లో దండు తరిగిపోతుంది. 'చీమలు తెచ్చాం, నిలవలేదు' అనడానికి ముఖ్య కారణం ఇదే.

ఎలా పెంచాలి?

* వానలు తగ్గాక, కొత్త చిగుళ్లు రాకముందే మొదలుపెట్టండి.

* ఒక దండుకు చెందిన గూళ్లన్నీ కొమ్మలతో సహా కోసి సంచుల్లో వేసి, మూతి గట్టిగా కట్టండి. ఒకటి వదిలేస్తే రాణి అందులోనే ఉండిపోవచ్చు.

* అదే రోజు సంచులను కొత్త చెట్లకు కట్టి, మూతి విప్పండి. నాలుగు రోజులు పంచదార నీళ్లు, చేప ముక్కలు పెట్టండి.

* దండుకిచ్చిన చెట్ల మధ్య తాళ్లు కట్టండి. చీమలు వాటి మీదుగా తిరుగుతాయి.

* రెండు దండులను కలపవద్దు. అవి కొట్టుకుని చస్తాయి, దోమకు అడ్డుండదు. రెండు దండుల చెట్ల కొమ్మలు తగలకుండా కత్తిరించండి.

జాగ్రత్తలు

చీమలున్న చెట్లకు పురుగు మందు కొడితే ముందు చచ్చేవి అవే. తీపి జిగురు కోసం ఇవి పిండినల్లిని, పొలుసు పురుగులను కాస్తాయి. కాబట్టి వారానికోసారి చెట్లను గమనించండి. కాండం, వేరు తొలిచే పురుగుకు చీమలు విరుగుడు కాదు. దానికి మామూలు జాగ్రత్తలు తప్పవు.

కుట్టడం మాటేమిటంటారా? జీడి గింజలను రాలాక నేలమీద ఏరుకుంటాం కాబట్టి, మామిడి కోసేవారికున్నంత బాధ ఉండదు. గూళ్లు కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, చేతులకు బూడిద రాసుకోండి, కళ్లు కాపాడుకోండి.

తోటంతా ఒకేసారి వద్దు. ముందు ఐదారు చెట్ల మీద పెట్టి, ఒక పంట కాలం చూడండి. చీమలున్న చెట్ల చిగురునూ, లేని చెట్ల చిగురునూ పోల్చి చూసుకుంటే మీకే తెలుస్తుంది. అప్పటిదాకా గూళ్లకు నిప్పు పెట్టడం మానండి.