స్త్రీధనమును వాటాలలో నుంచవచ్చునా?

సోదరీమణులారా! పెట్టెలో బంగారము, బ్యాంకులో నిలువ, వీధిలో చీటీపాట - మన యిండ్లలో స్త్రీధనమునకు చిరకాలముగా నివియే దారులు. కంపెనీ వాటాలు, అనగా షేర్లు, అన్నంతనే "అది మగవారి వ్యవహారము" అని మనము వంటయింటిలోనికి బోవుదుము. ఇటీవల మా వారొక కాగితముల కట్ట తెచ్చి, "ఇచ్చట చేవ్రాలు చేయుము" అనిరి. అది మా పేరనే డీమ్యాట్ ఖాతా తెఱచుటకట! మూడేండ్ల క్రిందట చీటీ నడపువాడు పరారి యగుటచే మేము కూడబెట్టిన సొమ్ము పోయెను. ఆ గాయ మింకను మానలేదు. కావున చదువక వ్రాలు చేయమని చెప్పి, వారిచేతనే నాలుగు దినములు పాఠము చెప్పించుకొంటిమి.

వాటా యనగా అప్పు కాదు. కంపెనీలో నొక భాగము. లాభము వచ్చినప్పుడు కంపెనీ కొంత పంచిపెట్టవచ్చును; కంపెనీ వృద్ధి పొందినచో వాటా వెలయు పెరుగవచ్చును. నష్టము వచ్చినచో వెల తగ్గును.

ఇది మన కృష్ణాతీరమునకు క్రొత్త సంగతి కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. నాటి చెల్లింపు మూలధనము లక్ష రూపాయలు. 1980లో నది జాతీయమయ్యెను. 2001లో ప్రజలకు మరల వాటాలు విక్రయించెను. 2020 ఏప్రిల్ 1వ తేదీని యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. అప్పుడు వేయి వాటాలు గలవారికి యూనియన్ బ్యాంకు వాటాలు 325 లభించినవి. బ్యాంకు పేరు మాఱినను వాటాదారుల హక్కు నశింపలేదు.

దేశీయ విపణివలన లాభము లేవి? మొదటిది, బెజవాడలో గూర్చుండియే దేశమున నే మూలనున్న పెద్ద కంపెనీలోనైనను భాగము కొనవచ్చును. రెండవది, స్వల్పధనము చాలును. ఎకరము పొలమునకు వలె లక్షలు కూడువఱకు వేచియుండ నక్కఱలేదు. మూడవది, అవసరము పడినచో విపణి నడచు దినమున అమ్మవచ్చును. సామాన్యముగా మఱుసటి పనిదినమున సొమ్ము చేరును. నాల్గవది, 1992లో చట్టాధికారము పొందిన సెబీ యను సంస్థ ఈ వ్యవహారములపై కన్ను వేసియుండును. 1996 నాటి చట్టము తరువాత వాటాలు కాగితములుగా గాక ఖాతాలో లెక్కగా నుండుటచే, చెదలకును దొంగలకును భయము తగ్గినది.

అట్లని వెల యెల్లప్పుడు పెరుగుననుకొనరాదు. 2009 జనవరి 7వ తేదీని సత్యం కంప్యూటర్స్ లెక్కలు కల్లలని దాని అధ్యక్షుడే యొప్పుకొనగా, వాటా వెల యొక్కనాడే కుప్పకూలెను. ఉన్నదంతయు నొకే మడిలో నాటిన రైతు తెగులు వచ్చిన యేడు ఏమి తినును? కావున ఏబది పెద్ద కంపెనీల నిఫ్టీ పట్టిక ననుసరించు నిధి వంటిది మనకు మేలు. ఫ్యూచర్లు, ఆప్షన్లు అను జూదపు పందెముల జోలికి మాత్రము పోరాదు. మూడేండ్ల కాలమున వానిలో వ్యవహరించిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరని 2024లో సెబీయే ప్రకటించెను.

విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో స్త్రీధనమునకు విశాలమైన యర్థము చెప్పెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీ ఆస్తిపై ఆమెకు సంపూర్ణ స్వామ్య మిచ్చెను. కాని ఖాతా మన పేర నుండి, రహస్యసంకేతము వేఱొకరి చేత నున్నచో ఆ స్వామ్య మెట్టిది?

తుదకు మేము చేవ్రాలు చేసితిమి. కాని మూడు నియమములు పెట్టితిమి. సంకేతము మా యొద్దనే యుండవలెను. అమ్మాయి చదువునకు దాచిన సొమ్ము ముట్టరాదు. నగలు కుదువ పెట్టి వాటాలు కొనరాదు. మా వారు నవ్వి, "పాఠము చెప్పినవాడనే పరీక్షకు గూర్చుంటిని" అనిరి. సోదరీమణులారా, మీరును చదివి, అడిగి, తెలిసికొనిన పిమ్మటనే వ్రాలు చేయుడు.