చేయి సన్నబడితే దాచుకోవద్దు

మా ఇళ్ళలో డిగ్రీ దాటి చదివిన మొదటివాళ్ళం మేమే. అందుకే ఊరికి వెళ్తే జబ్బు గురించైనా, ఆఫీసు కాగితం గురించైనా మమ్మల్నే అడుగుతారు. మేము డాక్టర్లం కాదు. అయినా చదివి తెలుసుకున్నది పంచుకోవాలని మోటార్ న్యూరాన్ జబ్బు గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

ఏమిటీ జబ్బు?

మన పక్క మండలం ముంచంగిపుట్టు దాటితే మాచ్‌ఖండ్ పవర్‌హౌస్ ఉంది. అక్కడ కరెంటు తయారైనా దారిలో తీగ తెగితే బల్బు వెలగదు. తప్పు బల్బుది కాదు. శరీరంలోనూ అంతే. మెదడు, వెన్నుపాముల నుంచి కండరాలకు ఆజ్ఞలు మోసే నాడీకణాలే మోటార్ న్యూరాన్లు. అవి చనిపోతూ ఉంటే కండరం బలం తగ్గి, సన్నబడి, అప్పుడప్పుడు చర్మం కింద అదురుతుంది. స్పర్శ మాత్రం పోదు.

వీటిలో ఎక్కువగా కనిపించేది ఎ.ఎల్.ఎస్. దీన్ని ఫ్రాన్సు వైద్యుడు షార్కో 1869లో వివరించాడు. ఎక్కువగా నడివయసు దాటినవారికి వస్తుంది. చేయి, కాలు, మాట, మింగడం, చివరికి శ్వాస దెబ్బతింటాయి. చాలామంది 2 నుంచి 5 ఏళ్ళలో చనిపోతారు. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ళ వయసులో ఈ జబ్బు బయటపడింది. ఆయన 2018 వరకు జీవించారు. అంత కాలం బతకడం అరుదు. 1995లో వచ్చిన రిలుజోల్ మందు జబ్బును కొంత నెమ్మది చేస్తుందే కాని నయం చేయదు.

అన్నీ ఒకటి కావు

చేయి సన్నబడగానే ప్రాణం పోతుందని భయపడకూడదు. మన వయసువాళ్ళు ఇది ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. 15 నుంచి 25 ఏళ్ళ కుర్రవాళ్ళలో ఒక్క చేయి మాత్రమే సన్నబడే జబ్బు ఒకటుంది. దీన్ని జపాన్‌లో హిరయామా 1959లో గుర్తించాడు. చలిలో వేళ్ళు మరీ పట్టు తప్పుతాయి. కొన్నేళ్ళు పెరిగి, చాలామందిలో దానంతటదే ఆగిపోతుంది. తొందరగా తెలిస్తే మెడ వంగకుండా పట్టీ వేసి మేలు చేయవచ్చు.

ఇంకొకటి మద్రాసు మోటార్ న్యూరాన్ జబ్బు. 1970లో మద్రాసు వైద్యులు దీన్ని వివరించారు. ఎక్కువగా దక్షిణ భారతంలోనే, మన ఆంధ్రలో కూడా కనిపించింది. చిన్న వయసులో మొదలై చేతులు, ముఖం బలహీనపడతాయి, వినికిడి తగ్గుతుంది. కాని నెమ్మదిగా నడుస్తుంది. దీనితో దశాబ్దాలు బతికినవారు ఉన్నారు.

చేయి సన్నబడడంతోపాటు తిమ్మిరి, స్పర్శ లేని మచ్చ ఉంటే అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం, నయమవుతుంది. చూపుకు ఒకేలా ఉన్నా ఒకటి నయమవుతుంది, ఒకటి ఆగుతుంది, ఒకటి ప్రాణం తీస్తుంది. ఏది ఏదో తెలుసుకోవడమే నిర్ధారణ.

నిర్ధారణ ఎలా?

ఇది ఒక్క రక్తపరీక్షతో తేలదు. డాక్టరు ఒళ్ళంతా పరిశీలించి, కండరాలకు, నరాలకు కరెంటు పరీక్షలు చేయించి, ఎం.ఆర్.ఐ. తీయించి, మిగతా జబ్బులను ఒక్కొక్కటిగా కొట్టివేస్తారు. పెద్ద నగరాల్లోనూ నెలలు పడుతుంది. మనం పెదబయలు ఆసుపత్రిలో చూపించుకుని, పాడేరు మీదుగా విశాఖ కె.జి.హెచ్. నరాల విభాగానికి చేరాలి. పాత చీటీలు, ఎక్స్‌రేలు ఒక సంచిలో భద్రం చేస్తే మళ్ళీ మొదటి నుంచి తిరిగే బాధ తప్పుతుంది.

చేయి పడిపోతే చిల్లంగి పెట్టారని అనుమానించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ అనుమానంతో పొరుగువారి ప్రాణం తీసిన సంఘటనలు మన ఏజెన్సీలో జరిగాయి. కాబట్టి జబ్బు పేరు తెలియడం రోగికే కాదు, పొరుగింటికి కూడా రక్షణ. దిసారి దగ్గరికి వెళ్ళవద్దని మేము చెప్పం. ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం ఆపవద్దు.

తోటివారి తోడు

జబ్బు పేరు డాక్టరు చెబుతారు. దానితో రోజు గడపడం ఎలాగో అదే జబ్బుతో ఉన్నవారు చెప్పగలరు. గంజి ఎంత చిక్కగా ఉంటే గొంతుకు అడ్డుపడదు, చెంచా పిడికి గుడ్డ చుడితే ఎలా పట్టు దొరుకుతుంది, మాట పోకముందే సైగలు ఎలా కుదుర్చుకోవాలి, ఇవన్నీ వాళ్ళ అనుభవాలు. బ్రిటన్‌లో ఇలాంటి రోగుల కోసం 1979లోనే సంఘం ఏర్పడింది. అయితే ఒకరికి పడిన మందు ఇంకొకరికి పడాలని లేదు. నయం చేస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

కొండ మీద అదే జబ్బు ఉన్న ఇంకొకరు దొరకడం కష్టం. అక్కడ మనమే తోడు కావాలి. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పెద్దవారికి డాక్టరు మాటను వాళ్ళ భాషలో చెప్పండి. వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు రాసిపెట్టండి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానపడినవారికి 15,000 రూపాయలు అయ్యింది. అర్హత ఉండి కాగితం లేక అది పోగొట్టుకోవడం అన్యాయం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన గదిలో ఎవరైనా బొత్తాం పెట్టుకోలేకపోతుంటే, పెన్ను జారవిడుస్తుంటే, చేయి చొక్కాలో దాచుకుంటుంటే నవ్వకండి. వార్డెన్ సారుకు చెప్పి, మీరే వెంట ఆసుపత్రికి వెళ్ళండి.