నిప్పు లేకుండానే మంట!

చలికాలం తెల్లవారుజామున బస్టాండులో పాత బస్సు స్టార్టు చేయడం చూశారా? ముందు రెండు దగ్గులు దగ్గుతుంది. తర్వాత టకటకమని చప్పుడు, వెనక తెల్లటి పొగ. కాస్త వేడెక్కాక సర్దుకుంటుంది. అదే బస్సు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నల్లటి పొగ వదులుతుంది. ఎందుకిలా?

పెట్రోలు బండిలో నిప్పురవ్వ పుట్టించడానికి స్పార్క్ ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో అది ఉండదు. సైకిలుకి గాలి కొడుతుంటే పంపు అడుగున వేడెక్కుతుంది కదా! ఇక్కడా అదే సూత్రం. సిలిండర్లోని గాలిని పదిహేను నుంచి ఇరవయ్యో వంతుకు కుదించేసరికి వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది.

ఈ ఆలోచన జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్‌ది. 1893లో ఆగ్స్‌బర్గ్‌లో మొదటిసారి పరీక్షించినప్పుడు ఇంధనం అంటుకున్న ధాటికి ఒత్తిడి కొలిచే పరికరమే పగిలిపోయింది. 1897 నాటికి ఇంజిన్ చక్కగా పనిచేసింది. ఇంధనంలోని వేడిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అయితే, ఒత్తిడితో ఉన్న గాలిలోకి ఇంధనాన్ని పంపడమెలా? అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో గాలి ఊది పంపాడాయన. మన అమ్మమ్మలు ఊదుడుగొట్టంతో పొయ్యి ఊదినట్టే! కానీ అందుకు పెద్ద కంప్రెసర్ కావాలి. ఓడలకూ ఫ్యాక్టరీలకూ సరే, లారీలో ఎక్కడ పెడతాం? 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులు పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాక ఆ చిక్కు తీరింది. అది చూడటానికి డీజిల్ లేడు. 1913లో ఇంగ్లండుకు వెళ్తూ ఓడలోంచి మాయమయ్యాడు.

ఆలస్యం అమృతం విషం అన్నమాట ఇంజిన్‌కీ వర్తిస్తుంది. చిమ్మిన డీజిలు తుంపరగా చీలాలి, ఆవిరవ్వాలి, గాలితో కలవాలి, ఆ తర్వాతే అంటుకోవాలి. ఇదంతా దాదాపు సెకనులో వెయ్యో వంతులో జరగాలి. ఇంజిన్ చల్లగా ఉంటే ఆలస్యమవుతుంది. ఈలోగా పోగుపడిన డీజిలంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ టకటక అదే. కాలకుండా బయటపడ్డ డీజిలు తెల్లపొగ. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిలు ఎక్కువ పడుతుంది. గాలి అందని చోట అది మసిగా మారుతుంది. అదే నల్లపొగ.

కట్టెను సన్నగా చీలిస్తే త్వరగా అంటుకుంటుంది, మొద్దు పెడితే పొగ వస్తుంది. కొత్త ఇంజిన్లలో చేసేదీ చీల్చడమే. మామూలు గాలి ఒత్తిడికి రెండువేల రెట్ల ఒత్తిడితో సన్నటి రంధ్రాల గుండా డీజిలును చిమ్ముతారు. ముందు ఓ చిటికెడు, అది రాజుకున్నాక మిగతాది. అందుకే వాటిలో చప్పుడు తక్కువ. మంట మరీ వేడెక్కితే మాత్రం నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. మసి తగ్గించబోతే ఇవి, ఇవి తగ్గించబోతే మసి... ఇంజినీర్లకు ఇదో కత్తిమీద సాము!

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అయినా పాత బళ్లు ఇంకా తిరుగుతున్నాయి. మీ బండి నల్లపొగ వదులుతుంటే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు చూపించండి. ఆ పొగలో పోతున్నది మీ డీజిలు డబ్బులే. వెనకొచ్చే పిల్లాడు పీల్చేదీ దాన్నే.